స్విఫ్ట్ ఇంజిన్ నిండా ఆయిల్ మడ్డి, ఇంట్లోనే కడుక్కోవచ్చా?

సప్తగిరి_సర్కిల్ (అనంతపురం)

అందరికీ నమస్కారం. నాది 2012 స్విఫ్ట్ పెట్రోల్. పోయిన దసరాకు సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను, 92 వేల కిలోమీటర్లు తిరిగిన బండి. నడపడానికి ఏ ఇబ్బందీ లేదు, మైలేజీ కూడా బాగానే ఇస్తోంది. మొన్న ఆదివారం వైపర్ డబ్బాలో నీళ్లు పోద్దామని బానెట్ ఎత్తి, ఊరికే సెల్‌ఫోన్ లైటు వేసి కిందికి చూశాను. బెల్టు ఉన్న వైపు పైనుంచి అడుగున ఆయిల్ నిలిచే చాంబర్ దాకా ఒకటే నల్ల మడ్డి. గోటితో గీకితే పెచ్చు లేచింది, దాని కింద మాత్రం ఇంకా తడిగా, జిగటగా ఉంది. మన ఎర్రమట్టి దుమ్మంతా ఆయిల్‌కు పట్టుకొని జొన్నరొట్టె మందాన అట్ట కట్టింది.

నా టెన్షన్ ఏంటంటే, పక్కింటి మామ డీజిల్ పోసి బ్రష్‌తో రుద్దితే పోతుందంటాడు, వాటర్ సర్వీసింగ్ వాళ్లేమో ప్రెజర్ పంపుతో పది నిమిషాల్లో కొత్తదానిలా చేసిస్తామంటున్నారు, వీడియోలు చూస్తే ఒకాయన పైపు పెట్టి కడిగేస్తున్నాడు, ఇంకొకాయన ఒక్క చుక్క నీళ్లు పడినా కంప్యూటర్ పోతుందంటున్నాడు. నాకు ఇంట్లోనే నా చేత్తో చేసుకోవాలని ఉంది. పదో నంబరు పానా, బకెట్, రెండు పాత బ్రష్‌లు ఉన్నాయి. ఎక్కడ మొదలుపెట్టాలి? అసలు కడగడం అవసరమా, అలాగే వదిలేస్తే ఏమవుతుంది?

నల్లరేగడి_నంద్యాల

డీజిలే మేలు తమ్ముడూ. మా ట్రాక్టర్‌కూ బొలెరోకూ పదిహేనేళ్లుగా అదే చేస్తున్నాను. రేగడి మట్టి ఆయిల్‌తో కలిసి ఎండిందంటే ఉలి పెట్టి కొట్టాల్సిందే, అలాంటిది కూడా డీజిల్‌లో ముంచిన బ్రష్‌తో నాలుగు రుద్దులు రుద్ది గంట సేపు వదిలేస్తే మెత్తబడి జారిపోతుంది. తర్వాత సర్ఫ్ నీళ్లు కొట్టి, బోరు పైపు పెట్టేయడమే. లీటరు డీజిల్ ఖర్చు, అంతే.

వైరింగ్_కర్నూలు

అన్నా, ట్రాక్టర్ వేరు, స్విఫ్ట్ వేరు. పాత ట్రాక్టర్‌లో కరెంటు అంటే సెల్ఫు, డైనమో, లైట్లు, హారను. ఈ బండిలో ఇంజిన్ చుట్టూనే క్రాంక్ సెన్సర్, క్యామ్ సెన్సర్, ఆక్సిజన్ సెన్సర్, కూలెంట్ సెన్సర్, నాలుగు ఇంజెక్టర్లు, ప్లగ్గులకు కరెంటిచ్చే నాలుగు కాయిల్స్ ఉన్నాయి. ప్రతిదానికీ ఒక ప్లాస్టిక్ కప్లర్. కొత్తలో కప్లర్ లోపల ఉండే రబ్బరు రింగు నీళ్లు రానివ్వదు. పదేళ్లు దాటిన బండిలో ఆ రబ్బరు గట్టిపడిపోయి, క్లిప్పు విరిగిపోయి, ఎవరో మెకానిక్ టేపు చుట్టి వదిలేసి ఉంటాడు. దాని మీద పంపు పెడితే నీళ్లు నేరుగా పిన్నుల దగ్గరికే పోతాయి.

ఒక్క చుక్కకే కంప్యూటర్ పోతుందనేది కూడా నిజం కాదు. వానలో గుంటల్లో పోతే కింద నుంచి నీళ్లు చిమ్ముతూనే ఉంటాయి కదా, ఆ మాత్రం తట్టుకునేలానే చేస్తారు. తట్టుకోలేనిది దగ్గర నుంచి సూటిగా కొట్టే ప్రెజర్.

ఇంకో సంగతి, కడిగే ముందు వైర్లన్నీ ఒకసారి కళ్లతో చూసుకో. బుడ్డలు (వేరుశనగ కాయలు) మూటలు కట్టి ఇంట్లో పెట్టుకునే మన ప్రాంతంలో ఎలుకలకు కొదవ లేదు, వెచ్చగా ఉంటుందని ఇంజిన్ మీదికి చేరతాయి. నా దగ్గరికి వచ్చే బండ్లలో వైరు పైతోలు కొరికేసి రాగి తీగ బయటికి కనబడేవి ఎన్నో. అలాంటి చోట ముందు టేపు వెయ్యి, తర్వాతే తడి.

ఎన్‌హెచ్44_రోజూ

నేను హైదరాబాద్, బెంగళూరు ట్యాక్సీ తోలుతాను, నాకు జరిగింది చెప్తా. రెండేళ్ల కింద ఒక సర్వీసింగ్ దగ్గర బాడీ వాష్‌తో పాటు ఇంజిన్ కూడా కడగమన్నాను. బండి ఇంకా వేడిగానే ఉంది, అప్పుడే వచ్చి ఆపాను, వాళ్లూ ఆగలేదు, నేనూ ఆపలేదు. పంపు పెట్టగానే బుస్సుమని ఆవిరి లేచింది. కడిగాక స్టార్ట్ అయింది, డబ్బులిచ్చి బయలుదేరాను. డోన్ దాటి గుత్తి వైపు వస్తుంటే బండి కుదుపులు మొదలు, మీటర్లో ఇంజిన్ బొమ్మ లైటు వెలుగుతూ ఆరుతూ ఉంది, ఎక్కినంత సేపూ ఎవరో వెనక నుంచి లాగుతున్నట్టే ఉంది. వెనక సీట్లో చంటిబిడ్డతో ఒక కుటుంబం. పక్కకు తీసి, ఎండలో గంటన్నర నిలబడ్డాం. చివరికి తెలిసింది ఏంటంటే ప్లగ్గులు ఉండే గుంతల్లోకి నీళ్లు దిగాయి. ఆ బిడ్డ ఏడుపు నాకు ఇప్పటికీ గుర్తుంది. అప్పటి నుంచి ఇంజిన్ మీద పంపు పెట్టనివ్వను, ఎవరేమన్నా సరే.

నల్లరేగడి_నంద్యాల

ఆ ప్లగ్గుల సంగతి నాకు తట్టలేదు. మావన్నీ డీజిల్ బండ్లు కదా, స్పార్క్ ప్లగ్గులూ కాయిల్సూ ఉండవు. పెట్రోల్ బండికి పైపు పెట్టమని చెప్పిన మాట వెనక్కి తీసుకుంటున్నా. డీజిల్ మాత్రం వాడొచ్చు కదా మరి?

పాఠాల_ల్యాబ్ (అనంతపురం)

నేను కెమిస్ట్రీ చెప్తాను, డీజిల్, కిరోసిన్, పెట్రోల్ మూడింటి గురించీ చెప్పాల్సింది ఉంది.

మూడూ జిడ్డును కరిగిస్తాయి, అందులో అనుమానం లేదు. ఇంజిన్ ఆయిల్ కూడా ఆ జాతిదే కాబట్టి ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. కానీ పెట్రోల్ జోలికి అసలు పోవద్దు. దాని ఆవిరి అంటుకోవడానికి వేడి అక్కర్లేదు, సున్నాకు 40 డిగ్రీలు కింద ఉన్నా నిప్పురవ్వ తగిలితే మండుతుంది. కిరోసిన్‌కు ఆ హద్దు సుమారు 38 డిగ్రీలు. చలికాలంలో ఫర్వాలేదనిపిస్తుంది గానీ, ఏప్రిల్, మే నెలల్లో మన అనంతపురంలో నీడలోనే 40 దాటుతుంది కదా, అంటే కిరోసిన్ కూడా అప్పుడు గాల్లోకి మండే ఆవిరి వదిలే స్థితిలోనే ఉంటుంది. బ్యాటరీ తీయకుండా, పానా జారి టెర్మినల్‌కు తగిలి మెరిసిందంటే చాలు. డీజిల్ ఈ లెక్కన కాస్త నయం, కానీ తొందరగా ఆరదు, పల్చటి పొరలా మిగిలిపోయి మళ్లీ దుమ్మును లాక్కుంటుంది, ఇంజిన్ పొగ బయటికి పోయే వేడి గొట్టం (మ్యానిఫోల్డ్) మీద పడితే పొగ.

రెండో నష్టం రబ్బరుకు. రేడియేటర్ గొట్టాలు, బెల్టు, ఇంజిన్ కింద ఉండే మౌంట్లు ఎక్కువగా నీటికి, వేడికి తట్టుకునే రబ్బరుతో చేస్తారు, నూనెలకు తట్టుకునేది కాదు. డీజిల్, కిరోసిన్ తగిలితే ఆ రబ్బరు వాటిని పీల్చుకొని ఉబ్బుతుంది, మెత్తబడుతుంది, పొరలు పొరలుగా చీలుతుంది. ఆయిల్ మడ్డిని ఏళ్ల తరబడి అలాగే వదిలేసినా ఇదే జరుగుతుంది. కడగడం అవసరమా అని అడిగారు కదా, ఇదొక కారణం.

కాస్టిక్ సోడా గానీ, బట్టల సోడా గాఢంగా కలిపిన నీళ్లు గానీ వాడొద్దు. ఇంజిన్ హెడ్డు, బెల్టు వైపు ఉండే టైమింగ్ కవర్ అల్యూమినియం. కాస్టిక్ దాన్ని తినేస్తుంది, బట్టల సోడా నల్లగా మార్చేస్తుంది.

ప్రొద్దుటూరు_వ్యాగనార్

సార్, మరి కుంకుడుకాయ రసం? మా అమ్మ నూనె డబ్బాలకు అదే వాడుతుంది. ఇంకోటి, మా బోరు నీళ్లతో కారు కడిగితే ఆరాక తెల్ల మచ్చలు పడుతున్నాయి, ఇంజిన్ మీద కూడా అలాగే పడితే ఎలా?

పాఠాల_ల్యాబ్ (అనంతపురం)

కుంకుడు నురగ వంటనూనెకు, తల నూనెకు సరిపోతుంది అమ్మా. వేడికి మాడి గట్టిపడిన ఇంజిన్ ఆయిల్‌ను కదిలించే బలం దానికి లేదు. గిన్నెలు తోమే లిక్విడ్ నయం. సబ్బు బిళ్ల మాత్రం వద్దు, మన బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ, సబ్బు వాటితో కలిసి తెట్టులా విరిగిపోతుంది. తెల్ల మచ్చలు కూడా ఆ లవణాలే. చివరిసారి తుడిచేటప్పుడు బోరు నీళ్లు కాకుండా తాగే నీళ్ల క్యాను నుంచి ఒక చెంబు తీసుకొని బట్ట తడిపి తుడవండి, మచ్చలుండవు. ఇంట్లో ఫిల్టర్ నుంచి బయటికి వదిలేసే నీళ్లు మాత్రం వాడకండి, వాటిలో లవణాలు బోరు నీళ్లకంటే ఎక్కువుంటాయి.

కడప_గ్యారేజ్

ఆలస్యంగా చూశాను. ముప్పై ఏళ్లుగా ఇదే పని, నిదానంగా చెప్తాను, చదువు తమ్ముడూ.

మొదట ఒక మాట. ఇంజిన్ తళతళలాడటానికి కాదు కడిగేది. ఆ ఆయిల్ ఎక్కడి నుంచి వస్తోందో కనుక్కోవడానికి కడగాలి. ఆరోగ్యంగా ఉన్న ఇంజిన్ మీద దుమ్ము ఉంటుంది గానీ తడి మడ్డి ఉండదు. పెచ్చు కింద తడిగా ఉందన్నావు చూడు, అంటే ఇప్పటికీ ఎక్కడో ఊరుతోంది. మడ్డి ఉన్నంత కాలం అది కనబడదు. నువ్వు పైపు పెట్టి అంతా ఒకేసారి కడిగేస్తే తడి అంతా కలిసిపోయి అసలు దారి చెరిగిపోతుంది. అందుకే కడిగే ముందు ఫోటోలు తీసుకో, పై నుంచి, పక్క నుంచి, వీలైతే కింద నుంచి. తడి ఎంత ఎత్తులో మొదలైందో చూడు. ఆయిల్ పైకి ఎక్కదు, కారేది కిందికే, ఫ్యాను గాలికి వెనక్కి పోతుంది. కాబట్టి అన్నిటికంటే పైన తడిగా ఉన్న చోటే నీ దొంగ.

డిప్‌స్టిక్ తీసి ఆయిల్ ఎంతుందో చూసి రాసిపెట్టుకో. ఇది మరిచిపోకు.

పొద్దున్నే మొదలుపెట్టు, రాత్రంతా ఆగిన బండి. మ్యానిఫోల్డ్ మీద చెయ్యి పెట్టి ఉంచగలిగేంత చల్లగా ఉండాలి. వేడి ఇనుము మీద చల్లనీళ్లు పడితే చిట్లే ప్రమాదం ఉంది, జిడ్డు మందు పడితే అంటుకునే ప్రమాదం ఉంది. బ్యాటరీ మైనస్ టెర్మినల్ పదో నంబరు పానాతో విప్పి, బట్ట చుట్టి పక్కకు పెట్టు. ప్లస్ ముట్టుకోవాల్సిన పని లేదు. గడియారం టైము పోతుంది, మళ్లీ పెట్టుకోవచ్చు.

తర్వాత కప్పడం. డైనమో, ఫ్యూజు బాక్సు, కంప్యూటర్ బాక్సు, కాయిల్స్ పైభాగం, ఎయిర్ ఫిల్టర్‌కు గాలి పోయే మూతి. ప్లాస్టిక్ కవర్లు చుట్టి రబ్బరు బ్యాండ్లు వెయ్యి. ఎన్ని కవర్లు కట్టావో లెక్క పెట్టుకో, విప్పేటప్పుడు ఆ లెక్క తేలాలి. గాలి మూతిలో బట్ట మరిచిపోయి స్టార్ట్ చేసినవాళ్లను, మ్యానిఫోల్డ్ మీద కవర్ కరిగి అతుక్కుపోయిన బండ్లను చూశాను. ఆయిల్ పోసే మూత, డిప్‌స్టిక్, బ్రేక్ ఆయిల్ డబ్బా మూత గట్టిగా ఉన్నాయా చూడు. బ్రేక్ ఆయిల్‌లోకి నీళ్లు పోనివ్వకూడదు. మామూలుగా వాడే డాట్ 3 కొత్తగా ఉన్నప్పుడు 205 డిగ్రీల దాకా మరగదు, నీళ్లు పీల్చుకున్నదానికి లెక్క 140 డిగ్రీలే. ఘాట్ రోడ్డు దిగేటప్పుడు మరిగిందంటే పెడల్ కిందికి పోతుంది.

ఇప్పుడు తడి పెట్టకుండానే సగం పని అయిపోవాలి. చెక్క పుల్లతో గానీ, పాత ప్లాస్టిక్ స్కేలుతో గానీ మడ్డిని పెచ్చులు పెచ్చులుగా గీకు. స్క్రూడ్రైవర్ వద్దు, అల్యూమినియం మీద గాట్లు పడతాయి, జాయింట్ల మధ్య ఉండే ప్యాకింగ్ అంచు తెగితే కొత్త లీకు. కింద అట్టముక్క పరిచి ఆ పెచ్చులన్నీ అందులోకే రాలనివ్వు. ఎంత ఎక్కువ గీకితే అంత తక్కువ మందు, అంత తక్కువ నీళ్లు.

ఆ తర్వాత మందు. షాపులో ఇంజిన్ డీగ్రీజర్ అని అడుగు, నీళ్లతో కడిగేసే రకం తీసుకో. పైనుంచి కిందికి కాదు, కింద నుంచి పైకి కొట్టుకుంటూ రా, లేకపోతే పైనుంచి కారిన చారలు పడతాయి. బెల్టు మీద పడకుండా బట్ట అడ్డం పెట్టు. పది నిమిషాలు ఆగు, ఎండిపోనివ్వకు. పెయింట్ బ్రష్‌తో పెద్ద భాగాలు, టూత్‌బ్రష్‌తో బోల్టుల చుట్టూ. బనియన్ వేస్టుతో తుడిచెయ్యి, ఇంకా ఉంటే మళ్లీ కొట్టు. రెండుసార్లకు ఎంత మొండి మడ్డి అయినా వదులుతుంది.

నీళ్లకు పైపు అక్కర్లేదు. చేత్తో నొక్కే స్ప్రే డబ్బాలో గోరువెచ్చని నీళ్లు, రెండు చుక్కలు గిన్నెల లిక్విడ్. కొట్టడం, తుడవడం, కొట్టడం, తుడవడం. చివర్లో మామూలు నీళ్లు. తుడిచాక పంక్చర్ షాపులో గాలి కొట్టించుకోగలిగితే సరే, లేదంటే కవర్లన్నీ విప్పి, లెక్క చూసుకొని, బానెట్ ఎత్తి రెండు గంటలు ఎండలో పెట్టు. అప్పుడు బ్యాటరీ బిగించి స్టార్ట్ చేసి పది నిమిషాలు ఉన్న చోటే తిప్పు. మొదట్లో కాస్త పొగ, వాసన వస్తాయి, మిగిలిన మందు కాలుతుంది, భయపడకు. పొగ ఆగకపోతే మాత్రం ఆపేసి చూడు.

మెరుపు కోసం పైన ఏ పాలిష్ కొట్టకు. బెల్టు మీద పడితే జారుతుంది, కీచుమంటుంది.

బండల_తాడిపత్రి

అన్న అంతా చెప్పాడు, కింద నేల సంగతి నేను చెప్తా. మీ ఇంటి ముందు బండలే పరిచి ఉంటారు కదా, మా తాడిపత్రి బండలో, కడప బండలో, బేతంచర్ల బండలో. అన్నీ సున్నపురాయే. ఆయిల్ పడిందంటే లోపలికి పీల్చుకుంటుంది. అట్టముక్క చాలదు, కింద టార్పాలిన్ వేసి, దాని మీద శెనక్కాయ పొట్టు గానీ రంపపు పొట్టు గానీ రెండు వేళ్ల మందాన పరచండి. కారిందంతా అది పీల్చుకుంటుంది, ఎత్తి సంచిలో వేసుకోవచ్చు.

మరక పడ్డాక చాలామంది బాత్రూమ్ యాసిడ్ పోస్తారు. పోయొద్దు. సున్నపురాయి మీద యాసిడ్ పడితే నురగ వచ్చి రాయే కరిగిపోతుంది, నున్నదనం పోయి గరుకు మచ్చ మిగులుతుంది, ఆయిల్ మరక మాత్రం అక్కడే ఉంటుంది. మా దగ్గర పాలిష్ మిల్లుల్లో వచ్చే తెల్ల బండల పొడి ఉంటుంది కదా, దాన్ని గిన్నెల లిక్విడ్, కొంచెం నీళ్లతో దోసెపిండి కంటే గట్టిగా కలిపి మరక మీద అరంగుళం మందాన పట్టించి, పైన ప్లాస్టిక్ కవర్ కప్పి ఒక రోజు వదిలేయాలి. మర్నాడు కవర్ తీసి ఎండనిస్తే పొడి ఆయిల్‌ను పైకి లాగుతుంది. ఎండాక చెక్కతో గీకేయాలి. పాత మరక అయితే రెండు మూడుసార్లు పడుతుంది. ఆ పొడి దొరకనివాళ్లు ముల్తానీ మట్టి వాడొచ్చు.

పాఠాల_ల్యాబ్ (అనంతపురం)

ఆ ఆయిల్ పొట్టును, మడ్డి పెచ్చులను కాలువలోకి, చెట్టు మొదట్లోకి, ఇంకుడుగుంతలోకి వేయొద్దని నా మనవి. వాడేసిన ఇంజిన్ ఆయిల్‌ను 2016 నాటి నిబంధనల్లోనే ప్రమాదకర వ్యర్థంగా చేర్చారు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లా మనది, ఇంకుడుగుంతలోకి దిగే ప్రతి చుక్కా మన బోరులోకి వచ్చే నీరే. సంచిలో కట్టి, వాడేసిన ఆయిల్ పోగుచేసే గ్యారేజ్‌లో ఇచ్చేయండి.

సప్తగిరి_సర్కిల్ (అనంతపురం)

అందరికీ చాలా థ్యాంక్స్. ఈరోజు చేశాను, ఉన్నది ఉన్నట్టు రాస్తున్నా.

పొద్దున ఆరున్నరకు మొదలుపెట్టాను. కవర్లు మొత్తం ఏడు కట్టాను, లెక్క గోడ మీద సుద్దతో రాసుకున్నాను. గీకడానికే గంటంబావు పట్టింది. చెక్క పుల్ల బదులు ఐస్‌క్రీమ్ పుల్లలు వాడాను, నాలుగు విరిగాయి. డైనమో కింద బ్రాకెట్ మూలలో ఉన్న మడ్డి పైకి ఎర్రగా, మధ్యలో నల్లగా, లోపల తేనె రంగులో మూడు పొరలుగా ఉంది, ముద్దలా చేతిలోకి వచ్చింది. దాని కింద అల్యూమినియం తెల్లగా మెరుస్తూ కనబడింది, అక్కడ పోతపోసిన అంకెలు కూడా ఉన్నాయని అప్పుడే తెలిసింది. గీకిన పెచ్చులే దాదాపు అర్ధకిలో.

మందు రెండుసార్లు కొట్టాను. మొదటిసారి కాఫీ డికాషన్ రంగులో కారింది, రెండోసారి పల్చటి టీ రంగు. నీళ్లు మొత్తం మూడు లీటర్లు కూడా వాడలేదు. ఏడు కవర్లూ విప్పాను, లెక్క సరిపోయింది. రెండు గంటలు ఎండకు పెట్టి స్టార్ట్ చేశాను.

ఇప్పుడు సమస్య. స్టార్ట్ అయింది గానీ ఇంజిన్ వణుకుతోంది, ఐడిల్‌లో డుగ్ డుగ్ అంటోంది. నిమిషానికి ఇంజిన్ లైటు వెలిగింది. వెంటనే ఆపేశాను. చేతులు ఆడటం లేదు, ఎవరైనా చెప్పండి.

వైరింగ్_కర్నూలు

కంగారు పడకు, మళ్లీ మళ్లీ స్టార్ట్ చేయకు. ఒక ప్లగ్గు మండటం లేదు, అంతే. బండి కంప్యూటర్‌లో పడిన తప్పు కోడ్ చదివే ఓబీడీ స్కానర్ ఎవరి దగ్గరైనా ఉంటే పెట్టించు. పీ0301 నుంచి పీ0304 వరకు ఏదో ఒకటి వస్తుంది, చివరి అంకె ఏ సిలిండరో చెప్తుంది. స్కానర్ లేకపోతే బ్యాటరీ మళ్లీ విప్పి, కాయిల్స్ ఒక్కోటి పైకి తీసి కింద గుంతలోకి లైటు వేసి చూడు. కప్లర్ లాగేటప్పుడు క్లిప్పు నొక్కి లాగు, వైరు పట్టుకొని లాగకు. ఏది ఎక్కడి నుంచి తీశావో గుర్తు పెట్టుకో.

సప్తగిరి_సర్కిల్ (అనంతపురం)

స్కానర్ దొరికింది, వీధిలో ఒక అన్న దగ్గర. పీ0302. రెండో కాయిల్ తీశాను. గుంతలో తడి ఉంది, కానీ నీళ్లు కాదు, వేలు పెడితే జారుతోంది, ఆయిల్! కాయిల్ కింద రబ్బరు గొట్టం కూడా నూనెలో ముంచి తీసినట్టే ఉంది, మీద చిన్న చిన్న నీటి బొట్లు. నేను కాయిల్స్ మీద కట్టిన కవర్ ఒక మూల లేచిపోయినట్టుంది.

కడప_గ్యారేజ్

సగం దొంగ దొరికాడు. నీళ్లు కొంచెమే పోయాయి, ఆయిల్ ముందు నుంచే ఉంది. ఇంజిన్ పైమూతకు, అదే టాపెట్ కవర్‌కు, ఉండే ప్యాకింగ్‌తో పాటు ప్లగ్గు గుంతల చుట్టూ సీళ్లు ఉంటాయి. అవి గట్టిపడితే ఆయిల్ లోపలి నుంచి ఆ గుంతలోకి ఊరుతుంది. ఇంకో ఆరు నెలలైతే నీళ్లు పడకపోయినా ఇదే వణుకు వచ్చేది.

ఇప్పుడు ప్లగ్గు విప్పకు. విప్పితే ఆ ఆయిల్ సిలిండర్‌లోకి దిగుతుంది. బనియన్ గుడ్డ పుల్లకు చుట్టి గుంత అడుగు దాకా అద్ది తీయి, గుడ్డ మార్చుకుంటూ పొడిగా వచ్చేదాకా. కాయిల్ రబ్బరు పొడి బట్టతో తుడిచి, కాసేపు నీడలో ఆరనిచ్చి బిగించు. రేపు పొద్దున స్టార్ట్ చెయ్యి.

బండి సరిగ్గా తిరిగాక రెండో సగం. ఇంజిన్ చల్లగా, పొడిగా ఉన్నప్పుడు ముఖానికి రాసుకునే పౌడరు తీసుకొని టాపెట్ కవర్ అంచు చుట్టూ, టైమింగ్ కవర్ మీద, ఆయిల్ ఫిల్టర్ చుట్టూ, చాంబర్ జాయింట్ మీద పల్చగా చల్లు. బెల్టు మీద, డైనమో లోపలికి పడనివ్వకు. ఇరవై కిలోమీటర్లు తోలి వచ్చి చూడు.

సప్తగిరి_సర్కిల్ (అనంతపురం)

పొద్దున స్టార్ట్ చేశాను, వణుకు పోయింది, స్కానర్‌తో కోడ్ చెరిపితే మళ్లీ రాలేదు. పౌడరు చల్లి రాప్తాడు దాకా పోయి వచ్చాను. తెల్లటి పౌడరు మీద అగ్గిపుల్ల మందాన గోధుమ రంగు గీత. టాపెట్ కవర్ బెల్టు వైపు మూలలో, టైమింగ్ కవర్ కలిసే చోట మొదలై, వంకర లేకుండా కిందికి దిగి బ్రాకెట్ దగ్గర రెండుగా చీలింది. ఫిల్టర్ చుట్టూ, చాంబర్ జాయింట్ దగ్గర పౌడరు పౌడరులాగే ఉంది. ఇంత స్పష్టంగా కనబడుతుందని అనుకోలేదు. నేను ఇన్ని రోజులూ చాంబర్ లీకు అనే భయపడుతున్నాను, ఇంజిన్ దించాలేమో అని ఇంట్లో మాట కూడా అయింది.

కడప_గ్యారేజ్

టాపెట్ కవర్ ప్యాకింగ్ సెట్టు మార్చు, గుంతల సీళ్లతో కలిపి దొరుకుతుంది. ఇంజిన్ దించే పనే లేదు. పాతది తీశాక రెండు అంచులూ బట్టతో జిడ్డు లేకుండా తుడవాలి. టైమింగ్ కవర్, హెడ్డు కలిసే రెండు మూలల్లో మాత్రం సిలికాన్ గమ్ బఠాణీ గింజంత పెట్టాలి, చుట్టూ పూయకూడదు, ఎక్కువైంది లోపలికి రాలి ఆయిల్ దారులకు అడ్డం పడుతుంది. బోల్టులు మధ్యలో నుంచి మొదలుపెట్టి అటొకటి ఇటొకటి, రెండు విడతల్లో బిగించాలి. అవి చిన్న బోల్టులు, బలం చూపిస్తే మర పోతుంది.

అలాగే ఇంజిన్ లోపలి గాలిని బయటికి వదిలే పీసీవీ వాల్వ్ తీసి చెవి దగ్గర ఊపి చూడు. గలగలమంటే సరే. శబ్దం లేకపోతే మడ్డి పట్టి మూసుకుపోయినట్టు, ఇంజిన్ లోపలి గాలి బయటికి పోలేక కొత్త ప్యాకింగ్‌ను కూడా తోసేస్తుంది.

సప్తగిరి_సర్కిల్ (అనంతపురం)

మూడు వారాల తర్వాత రాస్తున్నా. ప్యాకింగ్ మన ఊళ్లో ఒక మెకానిక్ అన్న పక్కన నిలబడి చూపిస్తే నేనే మార్చాను. పాతది వంచగానే గాజు గాజులా ఠక్కున విరిగింది, రబ్బరు అన్న గుర్తే లేదు. పీసీవీ వాల్వ్ ఊపితే చప్పుడు లేదు, అదీ కొత్తది వేశాను. ఇప్పటికి 640 కిలోమీటర్లు తిరిగాను. మళ్లీ చల్లిన పౌడరు మూలలో తెల్లగానే ఉంది, డిప్‌స్టిక్ మీద ఆయిల్ మొదట రాసుకున్న గీత దగ్గరే ఉంది. ఏసీ వేస్తే లోపలికి వచ్చే కాలిన నూనె వాసన కూడా పోయింది. మా ఆవిడకు ఆ వాసనకే తలనొప్పి వచ్చేది, అది ఆయిల్ వల్ల అని మాకు తెలియనే తెలియదు.

తాడిపత్రి అన్నా, ఒక చోట టార్పాలిన్ జారి బండ మీద మరక పడింది. ముల్తానీ మట్టితో రెండుసార్లు పట్టించాను, అరచేయంత ఉన్నది రూపాయి బిళ్లంత అయింది.

బండల_తాడిపత్రి

ఇంకొక్కసారి పట్టించండి. ఈసారి కవర్ తీసేముందు రెండు రోజులు వదిలేయండి, చలికాలం కదా, లాగడానికి టైము పడుతుంది.

నల్లరేగడి_నంద్యాల

ఇదంతా చదివి మా బొలెరో కిందికి దూరి చూశాను. ఎడమ వైపు ఇంజిన్ మౌంట్ రబ్బరు ఉబ్బి, పక్కకు పొంగి, వేలితో నొక్కితే పిండిలా మెత్తగా ఉంది. ఇన్నేళ్లూ నేను డీజిల్ కొట్టింది సరిగ్గా అటు వైపే. కడప అన్నా, ఒకటే మార్చాలా, రెండు వైపులా మార్చాలా?

కడప_గ్యారేజ్

రెండూ మార్చు. ఒకటి కొత్తది, ఒకటి పాతది ఉంటే ఇంజిన్ ఒక పక్కకు ఒరుగుతుంది. గేర్ బాక్స్ కింద ఉన్నది కూడా ఒకసారి నొక్కి చూసి చెప్పు.